చెదలు వదిలేసిన నాలుక

గవర్నర్‌పేటలో పటాలు కట్టే కొట్టు మెట్లెక్కగానే చెక్కపొట్టు, జిగురు, తడిసి ఆరిన కాగితం కలిసిన వాసన కొట్టింది. బల్ల మీద, అద్దం తీసేసి, మా నాయనమ్మ యమలోకం పటం.

చల్లపల్లిలో అది పిల్లలం వరసగా కూర్చుని అన్నం తినే వసారాలో, సరిగ్గా కళ్ళకెదురుగా వేలాడేది. బెజవాడలో సినిమా బోర్డులు రాసే ఒకాయన వేశాడట. అందుకేనేమో పాపులందరికీ సాగదీసిన చేతులూ, మెలితిరిగిన మెడలూ, నరకంలో కూడా కండలు తిరిగిన ఒళ్ళూ. యముడు గుడ్లురిమి మమ్మల్నే చూసేవాడు. చిత్రగుప్తుడు మాత్రం తల వంచుకుని రాస్తూనే ఉండేవాడు. కింది మూల ఒకామె నాలుకను భటుడు పట్టకారుతో మూరెడు లాగుతుండేవాడు. నేను ఎదురు మాట్లాడినప్పుడల్లా నాయనమ్మ అటు వేలు చూపి "అదుగో, నువ్వే" అనేది. మాట్లాడిన నాలుకకే శిక్ష, ఊరుకున్నదానికి లేదు అని నేను అర్థం చేసుకున్నాను. తప్పు నాది కాదు, పటానిది.

ఒక వేసవిలో, కొత్తావకాయ మీద నూనె తేలి ఆవఘాటు ఇల్లంతా కమ్మేసిన రోజుల్లో, బావి దగ్గర కడుక్కున్న చెయ్యి తుడుచుకోకుండానే పెద్ద జాడీలో మోచేతి దాకా పెట్టి ముక్క తీసుకున్నాను. తడి తగిలితే ఊరగాయ నిలవదని మా ఇళ్ళలో చంటిపిల్లకైనా తెలుసు. పది రోజులకు తెల్లటి బూజు పట్టింది. నాయనమ్మ వెతికింది తడి చేతిని కాదు, ముట్టు చేతిని. బాబాయిని చేసుకుని ఏడాదైనా కాని పిన్నిని పిలిచింది.

"బయట చేరి కూడా చెప్పకుండా జాడీ తాకావా అమ్మాయ్?"

"లేదత్తయ్యా."

ఎవరూ నమ్మలేదు. నేను పటానికి ఎదురుగా పెరుగన్నం కలుపుకుంటూ నోరు విప్పలేదు. తల వంచుకున్న చిత్రగుప్తుడు ఎలాగూ చూడలేదు, నేను చెబితేనే కదా రాసుకునేది! నాయనమ్మ పోయేదాకా పిన్ని ఊరగాయల గది గడప తొక్కలేదు. ఆ గది తాళంచెవి మా అమ్మ కొంగుకు చేరింది.

పోయిన వారం పిన్నికి చెప్పాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న చెయ్యి ఆగలేదు. "ఈ మాట మీ నాయనమ్మ ఉండగా చెప్పాల్సిందమ్మా" అంది. ఇంకో గుప్పెడు కాయలు దగ్గరికి లాక్కుంటూ పటం ఏమైందని అడిగింది.

ఇప్పుడా వసారా లేదు, జాడీలు లేవు, మా ఇంటికి ఆవకాయ సీసాలో వస్తోంది. పటంలో పైభాగం చెదలు తినేశాయి. చిత్రగుప్తుడూ, ఆయన పుస్తకమూ పోయాయి. నాలుక మాత్రం చెక్కుచెదరలేదు.

"పాడైన ముక్క కోసేసి చిన్న ఫ్రేము వేసేస్తానండీ" అన్నాడు కొట్టాయన.

వద్దన్నాను, ఉన్నదున్నట్టే కట్టమన్నాను. అది పిన్ని ఇంటికి వెళ్ళాలి. భోజనాల బల్ల దగ్గర నేను కూర్చునే కుర్చీకి ఎదురుగా అప్పటికే మేకు కొట్టించిందట.