మూడు స్వరాల పగ

మా చర్చి క్వయర్ మాస్టారి మీద పగ తీర్చుకోవడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలలూ ప్రతి ఆదివారం ఆయన హార్మోనియం పక్కనే నిలబడి నవ్వుమొహంతో పాడాను.

డెబ్బయ్యో దశకం మధ్య రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు, చిన్నపిల్లల బడిలో టీచర్ని. విజయవాడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. నాన్న పుట్టింది పామర్రు అవతల పల్లెలో, కూలికి వెళితేగాని పొయ్యి వెలగని ఇంట్లో. మాస్టారిది మూడు తరాల చదువున్న ఇల్లు. ఆ తేడా ఆయన ఎన్నడూ నోటితో అనలేదు, ఆ ఒక్కరోజు తప్ప.

అన్నయ్య సరుకు ఓడలో పనిచేసేవాడు. ఒకసారి సెలవుకి వస్తూ రికార్డు ప్లేయరూ, ఒక పెద్ద రికార్డూ తెచ్చాడు.

"ఇంగ్లండులో ఫ్యాక్టరీల ఊరి కుర్రాళ్ళు వాయించిందే ఇది. హెవీ మెటల్ అంటున్నారు" అన్నాడు. "ఇందులో రెండు స్వరాల మధ్య ఎడముంది చూడు, దాన్ని పూర్వం వాళ్ళ గుళ్ళల్లో సైతాను ఎడం అనేవాళ్ళట. ఓడలో గోవా అతను చెప్పాడు."

మొదటిసారి విన్నప్పుడు ప్లేయరు పాడైందనుకున్నాను. గిటారు గొంతు బొంగురుపోయి, బరువుగా, నెమ్మదిగా నడుస్తోంది. మూడే స్వరాలు. షడ్జం, పై షడ్జం, అక్కణ్ణించి దిగి ప్రతి మధ్యమం దగ్గర, అన్నయ్య చెప్పిన ఆ సైతాను ఎడం మీద, వణుకుతూ ఆగడం. ఇంటికి చేరాల్సిన మనిషి గుమ్మంలోనే నిలబడిపోయినట్టుండేది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే విని, "మా షెడ్డులో పెద్దసుత్తి పడ్డట్టుందే!" అని నవ్వాడు. వారం తిరిగేసరికి స్నానం చేస్తూ అదే కూనిరాగం తీస్తున్నాడు.

ఓరోజు సాయంత్రం పాటల కాయితాలకని వచ్చిన మాస్టారు కిటికీ దగ్గరే ఆగి విన్నారు.

"కొత్తరకంగా ఉందే. ఒకసారి ఇవ్వమ్మా, ఇంటి దగ్గర తీరిగ్గా వింటాను" అన్నారు. సంబరపడి అట్టతో సహా ఇచ్చాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఆ రికార్డు పట్టుకుని ముందుకొచ్చారు. "ఇది సైతాను సంగీతం. మన క్వయర్‌లో పాడే అమ్మాయి ఇంట్లో దొరికింది" అన్నారు. మోకాలికి ఆనించి వంచారు. మొదటిసారి వంగింది గానీ విరగలేదు. రెండోసారి ఫట్టున విరిగింది. వెనక వరసలో కూర్చున్న నాన్నని లేచి నిలబడమన్నారు.

"చదువు చెప్పించగానే సరా? పల్లె బుద్ధి పోవాలిగా!"

నాన్న చేతులు కట్టుకుని, "తప్పయిందండీ" అన్నాడు. మా నాన్న, ఇంజన్ల కింద దూరి బతికినవాడు, ఆ మాట అనడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆ రోజు నుంచి స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

క్వయర్ మానేస్తానని అందరూ అనుకున్నారు. మానలేదు. అదే రికార్డు ఇంకోటి తెమ్మని అన్నయ్యకి ఉత్తరం రాసి కూర్చున్నాను.

మరుసటేడు గుడ్ ఫ్రైడేకి మా గుడికి బిషప్పుగారు వస్తారని తెలిసింది. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల్లో నాలుగో మాటకి మాస్టారు సొంతంగా పాట రాసుకున్నారు గానీ బాణీ కుదరక తలపట్టుకున్నారు. ప్రాక్టీసు అయ్యాక ఒక్కరే ఉన్నప్పుడు అన్నాను, "మా నాయనమ్మ నాట్లప్పుడు పాడే పాత వరస ఒకటుందండీ. వింటారా?"

ఆ మూడు స్వరాలనీ పట్టుకుని, బాగా సాగదీసి, ఆయన మాటలతోనే పాడాను. ఆయన పోల్చుకోలేదు, కళ్ళు మూసుకుని విన్నారు. "ఏం బరువమ్మా! ఎక్కడ దొరికిందో ఎవరికీ చెప్పకు" అన్నారు.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఉక్కపోతలో గుడంతా ఆ బాణీకి కన్నీళ్ళు పెట్టుకుంది. బిషప్పుగారు అడిగితే మాస్టారు తల వంచి, "ప్రార్థనలో దొరికిందండీ" అన్నారు. నేను ఆయన వెనకే ఉన్నాను. లోపల చల్లగా అనిపించింది.

ఈస్టరు రోజు ఆరాధన తర్వాత, గుడి ఆవరణలో టీ. మాస్టారికి శాలువా కప్పారు. అన్నయ్య ముందురోజే కొత్త రికార్డుతో దిగాడు. మైకు తీసుకుని, "మాస్టారి బాణీ అసలు ఎక్కడిదో అందరం ఒకసారి విందామండీ" అన్నాను. అన్నయ్య ప్లేయరు దగ్గర మైకు పెట్టాడు.

మొదటి మూడు దెబ్బలకి టీ కప్పులు ఆగిపోయాయి. క్వయర్‌లో అందరికన్నా పెద్దావిడ అలవాటుకొద్దీ నాలుగో మాట పాట అందుకుని, సగంలో ఆపి, "ఇది మన పాటే కదూ?" అంది.

"ఆపమ్మా!" అంటూ మాస్టారు ప్లేయరు దగ్గరికి వచ్చారు.

"మీరు నిరుడు విరిచిందేనండీ. ఇది మీకు ప్రార్థనలో దొరికిందన్నారుగా?"

"నువ్వేగా ఇచ్చింది! మీ నాయనమ్మ పాట అని చెప్పలేదూ?"

మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. బిషప్పుగారితో అబద్ధం ఆడినట్టు ఆయన నోటితోనే ఆవరణంతా వినపడింది. శాలువా ఒక భుజం మీది నుంచి జారింది. ఆయన సర్దుకోలేదు. పాస్టరు అయ్యగారు ఆయన వంక చూసి, గుడిలోకి వెళ్ళిపోయారు.

నాన్న ఆ పూట అన్నం తినలేదు.

"నాకోసం చేశావా?"

"మీకోసమే నాన్నా."

"నేనడిగానా? నీ పేరు పదిమంది నోళ్ళలో నానకూడదనే ఆ రోజు తప్పయిందన్నాను. నువ్వేమో దాన్ని మైకులో పెట్టుకున్నావు."

పది రోజులు నాతో మాట్లాడలేదు. అది బాధించింది. చేసినదానికి మాత్రం పశ్చాత్తాపం కలగలేదు, ఇప్పటికీ లేదు.

క్వయర్‌ని పెద్దలు నాకప్పగించారు. మాస్టారు తన పాటల పుస్తకాల కోసం ఓ బుధవారం మా ఇంటికి వచ్చారు. పురికొసతో కట్టి ఉంచినవి అందించాను. మెట్ల మీద నిలబడి, పుస్తకాలు గుండెకి ఆనించుకుని, "ఒక్క రికార్డుకి ఇంత పగా అమ్మా?" అన్నారు.

"రికార్డుకి కాదండీ" అన్నాను.

నేను లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.