డబ్బా తాగిన రెండు మిల్లీగ్రాములు

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ ఓట్మార్ ఊళ్ళో బీరంటే లియాండర్ థీలెన్, లియాండర్ థీలెన్ అంటే బీరు. పల్లెబడిలో ఎనిమిది తరగతులు చదివి, పదహారో ఏట తాతగారి బీరు కర్మాగారంలో పీపాలు కడగడానికి చేరినవాడు. ఇప్పుడు డెబ్భై ఒకటి. ఇన్నేళ్ళలో చెడిపోయిందని ఒక్క పీపా వెనక్కి రాలేదు. రాష్ట్ర సంతలో మూడుసార్లు మొదటి బహుమతి నీలం రిబ్బను గెలిచాడు. ఏరు పొంగిన ఏడాది నడుములోతు నీళ్ళలో నిలబడి రెండు వందల మాల్టు గింజల బస్తాలను భుజాన మోసి అటక ఎక్కించాడు. ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

కుర్రకారు బీరు మానేస్తున్న కాలం వచ్చింది. తొట్లు సగం ఖాళీ. అప్పుడు మొదలుపెట్టాడు హెంప్ సోడా. హెంప్ గంజాయి జాతి మొక్కే, మత్తు తక్కువ. దాని సారం చిటికెడు నిమ్మ సోడాలో కలిపి, డబ్బాకి ఐదు మిల్లీగ్రాముల మత్తు పదార్థమని ముద్ర వేశాడు. మోతాదుకి అంతకుమించి ఉండకూడదని చట్టం. ఇవాళ పన్నెండు మంది పనివాళ్ళ జీతాలు దాని మీదే నడుస్తున్నాయి.

మార్చిలో ఉత్తరం వచ్చింది. కొట్లో కొన్న డబ్బాను అధికారులు పరీక్షిస్తే మూడు మిల్లీగ్రాములే తేలాయట. ఇరవై రోజుల్లో కారణం చెప్పి సరిదిద్దాలి, లేదంటే సోడా లైసెన్సు రద్దు.

లియాండర్ నమ్మలేదు. తన చేత్తో కొలిచి కలిపిందే. నింపిన రోజు పరీక్ష కాగితం తీసి చూశాడు. సరిగ్గా ఐదు.

"ఎవడైనా దొంగిలించాడంటావా?" అన్నాడు భార్య మార్లిస్‌తో.

"సీలు తియ్యకుండా లోపలి రెండు మిల్లీగ్రాములు దొంగిలించేవాడుంటే వాడికి నీ కర్మాగారంతో పనేంటయ్యా? బ్యాంకుకే పోతాడు" అంది మార్లిస్ గిన్నెలు తోముతూ. తోముతూ తోముతూ చేతిలోని ప్లాస్టిక్ డబ్బా ఎత్తి చూపింది. "ఇది చూడు. నిన్న టమాటా కూర పెట్టాను. మూడుసార్లు కడిగినా ఎరుపు పోలేదు, జిడ్డు పోలేదు. నీ సారం కూడా నూనె లాంటిదేగా? మీ సోడా రేకు డబ్బాకి లోపల ప్లాస్టిక్ పూత ఉంటుందని నువ్వే అన్నావు."

లియాండర్ ఆ డబ్బా అందుకుని వేలితో గీకి చూశాడు. మర్నాడే నెల నిలవున్న డబ్బాను కోసి, పూత గీకి పరీక్షకు పంపాడు. పోయిందనుకున్నదంతా పూతలోనే ఉంది.

కారణం దొరికితే చిక్కు తీరాలి. ఇక్కడ మొదలైంది. కాగితాలు పట్టుకుని రాష్ట్ర రాజధాని సెయింట్ పాల్‌లో లైసెన్సుల అధికారి హోదన్ వర్సామె ముందు కూర్చున్నాడు. మార్లిస్ పక్కనే.

"పోనీ ఏడు వేస్తానమ్మా. నెల పోయాక ఐదు మిగుల్తుంది."

"నింపిన రోజున పరిమితి దాటుతుంది కదండీ."

"ఐదు వేస్తే నెల పోయాక మూడవుతుంది."

"అప్పుడు ముద్ర తప్పవుతుంది."

"ఏ రోజు డబ్బా చూస్తారు మీరు?"

"ఏ రోజైనా."

లియాండర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే, పన్ను సంగతి చెప్పు. ఐదున్నాయని కట్టాను. జనం తాగింది మూడే."

"పన్ను అమ్మిన ధర మీద వేస్తారు. మిల్లీగ్రాముల మీద కాదు. పైగా అది వేరే ఆఫీసు."

"అంటే లోపల ఏమీ లేకపోయినా అంతే పన్నా?"

"అంతేనండీ. కానీ ఏమీ లేకపోతే నా దగ్గర లైసెన్సు పోతుంది."

"ఇది... కాస్త వేరేగా ఉంది" అన్నాడు లియాండర్. ఆ ఊరివాళ్ళు బూతు మాట వాడాల్సిన చోట వాడే మాట అది.

"గాజుసీసాకి పూత ఉండదుగా?" అంది మార్లిస్.

"ఉండదు. కానీ సీసాకి కొత్త ముద్ర, కొత్త పరీక్ష కావాలి. ఆర్నెల్లు పట్టొచ్చు. ఈలోగా కొట్లలో ఉన్న సరుకు సంగతి మీరే రాయాలి." హోదన్ ఫారం ముందుకు జరిపింది.

లోపానికి కారణం అన్న గడిలో లియాండర్ 'డబ్బా తాగేసింది' అని రాశాడు. తీసుకునే చర్య అన్న చోట, ముప్ఫై ఒక్క కొట్ల నుంచీ సరుకంతా వెనక్కి తెచ్చుకుంటానని రాశాడు. యాభై ఐదేళ్ళలో మొదటిసారి. బాధ్యులు అన్న చోట తన పేరే రాశాడు.

"తప్పు డబ్బాదైతే మీ పేరెందుకండీ?" అంది హోదన్.

"డబ్బా కొన్నది నేనే కదమ్మా."

ఆమె చాలాసేపు చదివి సంతకం చేసింది. "సీసాల పరీక్ష అయ్యేదాకా లైసెన్సు రద్దు చెయ్యం."

మెట్లు దిగుతూ లియాండర్ ఆగాడు. "మార్లిస్, గెలిచామా ఓడామా?"

"లైసెన్సుంది, సరుకు లేదు. దాన్నేమంటారో నాకూ తెలీదయ్యా. కారెక్కు."