సమ్మన్న గుర్రాన్ని నేను కట్టేసిన రోజు

నేను ఓడిన వాదాలు తక్కువ. గెలవనక్కర్లేని వాదంలోకి దూకి ఒక మనిషి కాలికే చేటు తెచ్చిన ఘనత మాత్రం నాది. మీరు నవ్వండి, నాకు సగమే నవ్వొస్తుంది.

మట్టెవాడలో కుట్టుమిషన్లు బాగుచేసే సమ్మన్న కొట్టు ముందు రోజూ సాయంత్రం మా చదరంగం. ఆయనకు షుగరు. కాలి బొటనవేలికి పుండు పడితే ఎవరో మంత్రించిన తాయత్తు చేతికి కట్టుకుని తిరుగుతున్నాడు. మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చే నేను ఊరుకుంటానా? చెవిలో జోరీగలా పోరాను. చివరికి ఆయనే దిగివచ్చాడు.

"సరే తమ్మీ, రేపు దవాఖానకు పోదాం. తాయత్తు మాత్రం ఉండనియ్."

అక్కడ నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను?

"ఇప్పి రా అన్నా. అది ఉత్తదని ఒప్పుకో."

"ఎందుకు ఒప్పుకోవాలె? నీకేం నొస్తాంది?"

"అయితే ఆట ఆడుదాం. నేను గెలిస్తే ఇప్పి రావాలె."

"నేను గెలిస్తే దవాఖాన పేరెత్తొద్దు మరి!"

"ఎత్తను పో!"

ఆట మొదట్లోనే నా ఒంటెను ఆయన గుర్రానికి గురిపెట్టాను. గుర్రం వెనకే మంత్రి. గుర్రం కదిలితే మంత్రి నా పాలు. దీన్ని పిన్ అంటారు. వేదికెక్కినంత గొంతుతో అరిచాను:

"చూసినవా అన్నా, తర్కమంటే ఇది! ఇగ నీ గుర్రం కదలదు."

"కదిలితే ఏమైతది?"

"మంత్రి పోతది."

"పోతే పోనియ్ తియ్," అంటూ ఆ గుర్రంతోనే నా బంటును కొట్టాడు.

పెళ్లిపందిట్లో లడ్డూ దొరికినట్టు మంత్రిని మింగాను. రెండు ఎత్తుల్లో ఆయన ఒంటె, రెండు గుర్రాలు కలిసి నా రాజును బిగించేశాయి. ఆట కట్టు. రాజుకు అడ్డంగా ఉన్న గుర్రమే కదలకూడదు, మంత్రికి అడ్డంగా ఉన్నది నిక్షేపంగా కదలొచ్చు. ఆ తేడా చూడకుండా గుడ్డిగా నమ్మినవాణ్ణి నేనే!

సమ్మన్న తాయత్తును కళ్లకద్దుకున్నాడు. "చూసినవా దీని పవర్!"

మర్నాడు తాయత్తుతోనే దవాఖానకు రమ్మని బతిమాలాను. "మాటంటే మాటే తమ్మీ," అన్నాడు. పుండు నల్లబడ్డాక వదిన బలవంతంగా దవాఖానకు తీసుకెళ్లింది. అప్పటికి ఆలస్యమైంది. వేలు తీసేశారు.

మంచం పక్కన తల దించుకుని నిలబడితే ఆయనే నవ్వాడు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ. ఆ రోజు నేను వస్తనే అంటిని. నీకు నా కాలికంటే నా తాయత్తే ఎక్కువాయె."

ఇకమీదట దవాఖానకు వస్తానన్నవారి ఒంటినిండా తాయత్తులున్నా, చేతిలో నిమ్మకాయలున్నా, మారుమాట లేకుండా ఆటో పిలుస్తాను. దేవుడి మీద ఒట్టు వేసే అలవాటు నాకు లేదు. సమ్మన్న పోగొట్టుకున్న బొటనవేలి మీద వేస్తున్నాను.