సాయం చేయకుండా కూర్చోవడం

మా బాపు బస్సు కండక్టరు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏళ్ల తరబడి తిరిగి, దారిలో ఎక్కిన సగం మందితో ఏదో ఒక విషయం మీద వాదన పెట్టుకుని, రిటైరయ్యాక ఆ వాదనలను మా వీధి చివరి చాయ్ హోటల్‌కు మార్చుకున్నాడు. పొద్దున్నే పేపరు చదవాలి. చదివినదాని మీద దోస్తులతో కొట్లాడాలి. గెలిచి ఇంటికొచ్చి టిఫిన్ తినాలి. ఓడిపోయిన రోజు టిఫిన్‌కు వంకలు పెట్టేవాడు.

తర్వాత కళ్లలో నీటి కాసులు వచ్చాయి. "జర మసకగ కనవడుతుంది, గంతే" అంటూ దాచగలిగినన్ని రోజులు దాచాడు. మేం డాక్టరు దగ్గరికి పోయేసరికి ఆలస్యమైంది. వెలుగేదో చీకటేదో తెలుస్తుంది, అంతకు మించి ఏమీ కనిపించదు. అయినా కర్ర పట్టుకుని హోటల్‌కు పోవడం మానలేదు. ఒకరోజు మాత్రం పోయినంత తొందరగా తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇగ నేను పోనే బిడ్డా."

"ఏమైంది బాపు? ఎవలన్న ఏమన్న అన్నరా?"

"గదే కదనే నా బాధ. ఎవడు ఏమంటలేడు. నేను ఏది చెప్పినా 'అవునన్నా, నువ్వన్నదే కరెక్టు' అంటుండ్రు. ఇయ్యాల కావాలని, పొద్దు పడమట పొడిసిందని చెప్పిన. దానికి కూడ అవునన్నరు."

నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక నవ్వలేకపోయాను. జాలిపడి తలూపే మనుషుల మధ్య కూర్చోవడం మా బాపుకు చావుతో సమానం. ఎవరి నోటి ద్వారానో కాకుండా తనంతట తను పేపరు చదువుకుని పోతే తప్ప వాళ్లు మళ్లీ ఎదురు మాట్లాడరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. కంప్యూటర్లంటే నాకు భక్తీ లేదు, భయమూ లేదు. తెర మీద ఉన్నదంతా పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుందని కాలేజీలో ఎవరో చెబితే తెచ్చి మా ఇంట్లో కంప్యూటర్లో పెట్టాను. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి తయారుచేసి, ఎవరైనా ఊరికే వాడుకోండి, ఎవరైనా బాగుచేయండి అని లోకానికి వదిలేసిన ప్రోగ్రాం అది. మౌస్‌తో పనిలేదు, మీటలు నొక్కితే చాలు. ఎలా వాడాలో నేర్పే తెలుగు పేజీలు కూడా దానితోపాటే వస్తాయి. బాపును కుర్చీలో కూర్చోబెట్టి మొదటి పేజీ తెరిచాను. యంత్రం గొంతు సవరించుకోకుండానే మొదలుపెట్టింది: "వినియోగదారుడు స్వీయ యంత్రమునందు వాచక ప్రక్రియను క్రియాశీలపరచవలెను."

బాపు కాసేపు ఓపిగ్గా విన్నాడు.

"ఎవడే వీడు? మనమీద కేసేసిండా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠాలు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టినదాన్ని, నా ఇంట్లో నా బాపుకే అర్థంకాని తెలుగా? ఆ ప్రాజెక్టు వాళ్లకు కూర్చుని ఒక ఉత్తరం దంచాను. ఇది తెలుగు కాదు, తెలుగుకు పెట్టిన తద్దినం అన్నాను. వాళ్లు మాత్రం ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. మీరు చెప్పింది నిజం, చాలా సంతోషం, దయచేసి మీరే బాగుచేసి పంపండి, ఎలా పంపాలో ఇదిగో అని. పెళ్లి పంక్తిలో కూర్చుని పప్పులో ఉప్పు లేదన్నందుకు చేతికి గరిటె ఇచ్చి వంట పందిట్లోకి తోసినట్టయింది. తర్వాత తెలిసింది, ఆ లోకంలో పద్ధతే అదట. ఎవడు నోరు పారేసుకుంటే వాడికే పని.

నాకంటే ముందు అలా నోరు పారేసుకుని ఇరుక్కున్నవాళ్లు ఇద్దరున్నారు. ఒకరిది చొప్పదండి. ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. గోడ అవతల వాళ్ల నాన్న మరమగ్గాలు నడుస్తుంటాయి కాబట్టి, వీడియో కాల్‌లో అతను మైకు తెరిస్తే అతని మాటకంటే ముందు మగ్గాలు పలకరించేవి. నేను తమ్ముడూ అని పిలిచేదాన్ని. ఇంకొకామె ఆదిలాబాద్‌లో టైపింగ్ సెంటర్ నడుపుతుంది. ఆమెను అందరూ ఆపా, అంటే ఉర్దూలో అక్కా, అంటారు, నేనూ అన్నాను. తన దగ్గరికొచ్చే చూపులేని అమ్మాయికి ఆ పాత పేజీలు విడమరిచి చెప్పలేక ఆమెకు ప్రాణం విసిగిపోయిందట. ముగ్గురం కలిసి పాత తెలుగును పక్కకు నెట్టి మనుషుల తెలుగులో రాయడం మొదలుపెట్టాం. రాసిన ప్రతి పేజీనీ ఆదివారం నాడు బాపు చేత పరీక్ష చేయించాలని అనుకున్నాం.

మొదటి ఆదివారం బాపు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ కూర్చున్నాడు. తమ్ముడూ ఆపా ఫోన్లో ఉన్నారు. యంత్రం మా తెలుగును చదువుతుంటే బాపు తలూపుతున్నాడు, మా గుండెలు పొంగుతున్నాయి. అప్పుడు వచ్చింది ఆ వాక్యం: "కింద బొమ్మలో చూపినట్టు, ఎర్ర గీత గీసిన చోటికి వెళ్లండి."

చొప్పదండి మగ్గాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

"బొమ్మ మంచిగున్నదా?" అని బాపు అడిగాడు.

"ఉన్నది బాపు."

"ఎర్ర గీతనో?"

"తమ్ముడు గీసిండు."

"శాన మంచిగ గీసిండని చెప్పు. నేను సూసిన్నని చెప్పు."

ఆ బొమ్మల కోసం తమ్ముడు రెండు సాయంత్రాలు కూర్చున్నాడు పాపం. అవతల ఆపా నెత్తి కొట్టుకోవడం వినిపించింది. "యా అల్లా! చూపులేనోళ్ల కితాబుల బొమ్మలు వెట్టినం! మన అఖల్ గడ్డి మేయవోయిందా?" బాపు పడీపడీ నవ్వాడు. మేమూ నవ్వాం కానీ, సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. చదువుకున్న ముగ్గురం ఎవరి కోసం రాస్తున్నామో మరిచిపోయి రాశామన్నమాట.

బొమ్మలు తీసేశాం. ఆ తర్వాతి ఆదివారాలన్నీ పండగే. ఏ పేజీ పెట్టినా బాపు గడగడా చేసేశాడు. ఎవరి సాయమూ లేకుండా ఒక మనిషి ఆ పేజీని పాటించగలిగితేనే అది పాసైనట్టని ప్రాజెక్టు వాళ్ల నియమం. మేం అన్నింటికీ పాస్ అని రాసి పంపాం. తమ్ముడు సంబరంతో వాళ్లింట్లో స్వీట్లు కూడా పంచాడట.

ఒక సోమవారం కాలేజీ నుంచి వచ్చేసరికి కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. దుప్పటి లోపల్నుంచి యంత్రం గొంతు ఏదో చదువుతూనే ఉంది.

"గిదేంది బాపు?"

"నోర్మూసుకో అంటె ఇంటలేదు. అందుకే పండవెట్టిన."

నవ్వుతూ దుప్పటి తీయబోతుంటే ఆయన గొంతు మారింది. "నవ్వకే. పొద్దటి సంది కొట్లాడుతున్న. ఒక్క ముక్క రాలే. మీరు ముగ్గురుంటె అన్ని వస్తయి, మీరు లేకుంటె ఏది రాదు. మరి చదివింది నేనా, మీరా? హోటలోళ్లు అవునన్నా అంటరు, మీరు నా ఏలు వట్టుకొని నొక్కి శభాష్ బాపు అంటరు. గంతే ఫరక్."

నిజమే కదా. ఆయన వేలు గాలిలో ఒక్క క్షణం ఆగితే చాలు, నేను ఆ వేలు పట్టుకుని మీట మీద పెట్టేదాన్ని. ఫోన్లోంచి తమ్ముడు "కిందికి బాపూ, కిందికి" అనేవాడు. ఆపా అయితే "దాని పక్కది చాచా, దాని పక్కది!" అని ఆదిలాబాద్ అదిరిపోయేలా అరిచేది. మేం కావాలని మోసం చేయలేదు. పెంపకం అట్లాంటిది. మన బస్టాండులో ఒక ముసలాయన ఏ బస్సు అని అడిగితే నలుగురు లేస్తారు, ఒకడు సంచి కూడా అందుకుంటాడు. పెద్దమనిషి తడుముకుంటుంటే చేతులు కట్టుకుని చూసేవాణ్ణి మనిషని ఎవరంటారు? అయితే ఆ మంచితనమే మా పేజీల్లోని లోపాలన్నిటినీ కప్పేసింది. పాస్ అని పంపినవన్నీ వెనక్కి తీసుకున్నాం.

ఈసారి పరీక్షకు ఇద్దరినీ ఇంటికే రమ్మన్నాను. తమ్ముడు బండి మీద వచ్చాడు. ఆపా పొద్దున్నే బస్సెక్కి సమోసాల డబ్బాతో దిగింది. "ఇచ్చోడ కాడ బస్సు ఆగితె పక్క సీటామె వాసన వట్టింది. వడిల దాచిపెట్టి తెచ్చిన" అంది. బాపు షరతు ఒకటే. తను ఒక్కడే గదిలో ఉంటాడు, మేం బయట వరండాలో ఉంటాం. మేం సరేనన్నాం. ఆయన లోపలికి పోయి టక్కున గొళ్లెం పెట్టుకున్నాడు.

"గొళ్లెం ఎందుకు బాపూ?"

"మీ మీద నమ్మకం లేదు."

తలుపుకు చెవులానించి కూర్చున్నాం. పాఠం బాగానే సాగింది. ప్రోగ్రాం మొదలైంది, పేపరు పేజీ తెరుచుకుంది. తర్వాత యంత్రం మేం రాసిన వాక్యం చదివింది: "పేజీని చదివి వినిపించాలంటే, ఇన్సర్ట్ మీటను నొక్కి పట్టుకుని కింది బాణం నొక్కండి." ఆ తర్వాత నిశ్శబ్దం. ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. ఆ మీట ఎక్కడుంటుందో మేం ఏ పేజీలోనూ రాయలేదు. ఇన్ని ఆదివారాలూ ఆయన వేలిని దాని మీద పెట్టింది నేనే.

తమ్ముడు లేచి కిటికీ వైపు పోబోయాడు. నేను చొక్కా పట్టి లాగాను. "అక్కా, ఒక్క మాట. ఒక్కటంటె ఒక్కటి" అని గొణిగాడు. కళ్లురిమి కూర్చోబెట్టాను. లోపల కుర్చీ కిర్రుమంది, బాపు పెద్దగా నిట్టూర్చాడు. అంతే, తమ్ముణ్ణి కూర్చోబెట్టినదాన్నే లేచి తలుపు దగ్గర నోరు తెరిచాను. "బాపూ, కుడి దిక్కు..."

మాట పూర్తికాకముందే ఆపా నా నోట్లో సమోసా కుక్కింది.

"ఎవలది?" అని లోపల్నుంచి గద్దింపు. "ఇంకోపారి గొంతు ఇనవడ్డదో, రేపటిదాక గొళ్లెం తియ్య!"

సమోసా నమలడానికీ లేదు, ఉమ్మడానికీ లేదు. అట్లాగే నిలబడ్డాను. అప్పుడు లోపల యంత్రం ఒక్కో మీట పేరు పలకడం మొదలుపెట్టింది. నొక్కిన ప్రతి మీట పేరూ చెప్పే ఏర్పాటు అందులో ఉంది. బాపు ఎడమ చివర మొదలుపెట్టి వరసగా ఒక్కోటీ నొక్కుకుంటూ వస్తున్నాడు, ముందు సీటు నుంచి వెనక సీటు దాకా టికెట్లు తనిఖీ చేసే పద్ధతిలో. ట్యాబ్ అంది. క్యాప్స్ లాక్ అంది. ఎంటర్ అంది. "డిలీట్" అనగానే తమ్ముడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆపా కళ్లు మూసుకుని ఏదో దువా చదువుతోంది.

"ఇన్సర్ట్" అంది యంత్రం.

"దొరికినవా!" అన్నాడు బాపు. టికెట్ లేనివాణ్ణి పట్టుకున్నప్పుడు ఆయన గొంతు సరిగ్గా అట్లాగే ఉండేదని అమ్మమ్మ ఊరికి ఆయన బస్సులో పోయిన రోజుల నుంచి నాకు తెలుసు. కాసేపటికి యంత్రం ఆ రోజు పేపరు చదవసాగింది. ఒక వార్త మొత్తం అయ్యాక ఇంకొకటి, ఆపైన ఇంకొకటి. ఆయన ఆపమన్న చోట ఆగుతోంది, పొమ్మన్నప్పుడు ముందుకు పోతోంది. నేను ఏడ్చేశాను, నోట్లో సమోసాతోనే. ఆపా కొంగుతో ముక్కు తుడుచుకుంది. తమ్ముడు అవసరం లేకపోయినా బండి తాళం చెవి వెతుక్కున్నాడు.

గొళ్లెం తీసి బాపు గుమ్మంలో నిలబడ్డాడు. "రాసుకోర్రి. మీటలన్ని ఒక్కకాడ కూసున్నయి. కుడిచెయ్యి దిక్కు ఆరు మీటలు వేరే సీట్లల్ల కూసున్నయి. ఆ ఆరింటిల పై వరుస, ఎడమ అంచుది. మీరు గిది రాస్తె నేను గంటసేపు తడుముకునుడు ఉండకపోవు." అక్షరం మార్చకుండా ఎక్కించాం. మీటలకు సీట్లేమిటని ప్రాజెక్టులో మా పేజీలు పరిశీలించే ఆయన ఎక్కణ్నుంచో అడిగాడు. మా దగ్గర అంతే అని జవాబు పంపాం, ఒప్పుకున్నాడు.

మర్నాడు బాపు తెల్లారకముందే లేచి పేపరంతా విన్నాడు. కర్ర అందుకున్నాడు. నేనూ వస్తానంటే వద్దన్నాడు. "నువ్వొస్తె పాపం బిడ్డ తోలుకొచ్చిందని మల్ల అవునన్నా అంటరు." కాలేజీకి ఆలస్యమవుతుందని ఫోన్ చేసి గేటు దగ్గరే నిలబడ్డాను. చాలాసేపటికి వచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయింది. చొక్కా మీద చాయ్ మరక.

"ఏమైంది బాపు?"

"గా మేస్త్రి లేడా, ఇండ్లు కట్టేటోడు, నా పక్కకు కూసుంటడు. డ్యాము గేట్లు ఎత్తిండ్రని చెప్పిన. అవునన్నా అన్నడు. అవునేందిరా, నేను సదివిన, ఇను అని ఎందుకెత్తిండ్రో, నీళ్లు ఎటు వదిలిండ్రో మొత్తం చెప్పిన. వానికి పౌరుషమొచ్చింది. ఒక్క గేటు ఎత్తలే, నీకేం ఎర్కలేదు, నోర్మూస్కో అన్నడు. అందరి ముందల!"

నా ఒళ్లు మండిపోయింది. చూపులేని పెద్దమనిషిని పట్టుకుని నోర్మూసుకో అంటాడా? "ఎంత కండకావరం! ఇప్పుడే పోయి అడుగుత వాణ్ణి" అని ఒక కాలికి చెప్పు తొడిగాను.

కర్ర అడ్డం పెట్టాడు బాపు. "ఆగే! ఏడికి పోతవ్? ఇన్నొద్దుల సంది నన్ను నోర్మూస్కో అన్నోడు ఒక్కడు లేడే!" ఆ ఎర్రదనం కోపం కాదని నాకు అప్పుడర్థమైంది. "టిఫిన్ వెట్టు. సాయంత్రం మల్ల పోవాలె. వాడు తయారై వస్తనన్నడు."

తొడిగిన చెప్పు విప్పేశాను. నిజానికి ఆ మేస్త్రి కాళ్లకు మొక్కాలనిపించింది.