ఆకు దూసిన మల్లెతోట

పుష్యమాసం పుట్టీ పుట్టగానే మా పెద్ద తోడికోడలు కన్నుమూసింది. మార్గశిరంలో పట్టుకున్న జ్వరం మరి వదల్లేదు. విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాం, తీసుకొచ్చేశాం. పోయిన రోజు పొద్దున్న కూడా, తోటకి నీళ్ళు పెట్టలేదు కదా అని నన్నడిగింది. పెట్టలేదన్నాను. మంచిదని అటు తిరిగి పడుకుంది. వరసకి నాకు అక్క. అక్కని మా వైపు అప్ప అంటాం. అలాగే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను.

మల్లెపూలు మీ అందరికీ తెలుసు. వాటి వెనక చలికాలంలో జరిగే చాకిరీ తెలియకపోవచ్చు. భోగాపురం దాటాక ఇసకనేలలో మాకో మల్లెతోట ఉంది. మార్గశిరం నుంచే దానికి నీళ్ళు ఆపేస్తాం. పుష్యంలో పొదపొదకీ వంగి ఆకంతా దూసేసి, కొమ్మల్ని మోకాలెత్తుకి కోసేస్తాం. మొదళ్ళు తవ్వి వేళ్ళకి ఎండ తగలనిస్తాం. ఆ తర్వాతే గెత్తం, అంటే పశువుల ఎరువు, వేసి, మట్టి కప్పి, నీళ్ళు పెట్టడం. కొత్తగా కాపురానికొచ్చిన ఏడు, పచ్చటి పొదల్ని అలా మోడు చేస్తుంటే నాకు భయమేసింది. చచ్చిపోవా అని అడిగాను.

"మల్లికి ఆకలి తెలవాల. అప్పుడే దానికి పువ్వు గుర్తొస్తాది" అంది అప్ప.

ఇలాంటి మనుషుల గురించి రాసేటప్పుడు అలుపెరగని మనిషి అని రాస్తుంటారు. అప్ప విషయంలో అది నిజం కాదు. ఆమెకి అలుపు బాగా తెలుసు. నడుం పట్టేస్తే చాళ్ళ మధ్యనే చతికిలబడి, నా వల్ల కాదు, కాసేపు నువ్వు కొయ్యమనేది. ఆకు దూసి దూసి వేళ్ళు చిట్లిపోయేవి. సాయంత్రం పొయ్యి దగ్గర ఆముదం రాసుకుంటూ, పైకే మూలిగేది. అత్తవారింట్లో ఒళ్ళు నొప్పులని చెప్పుకోవచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. "అలుపు దాసీకు, లోపల పుండవుతాది" అనేది. గట్టు మీద కూర్చుని చోడంబలి తాగి, కొంగు మొహాన కప్పుకుని ఓ కునుకు తీసి, మళ్ళీ లేచేది. లేవడం మాత్రం మానలేదు.

మా బావగారు చిన్నవయసులోనే పోయారు. పిల్లల్లేరు. పుట్టింటివాళ్ళు రమ్మన్నా అప్ప వెళ్ళలేదు. తోట చూసుకునేది. వేసవిలో మొగ్గలు కోసి, బుట్టలకెత్తి, తెల్లవారుజామున బస్సు మీద విజయనగరం పంపేది. మిగిలిన గుప్పెడూ మాల కట్టి నా జడలో పెట్టేది. తను వాసన చూడడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

వానలు మొహం చాటేసి, చౌకడిపోలో ఎర్రజొన్నలు పంచిన ఏడు మా నుయ్యి ఎండిపోయింది. ఏతం వేస్తే బురద వచ్చింది. మల్లి పీకేసి, వాన పడ్డాక వేరుశనగ వేద్దామన్నారు మా మామగారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇల్లంతా సరేనంది. అప్ప తలుపు వార నిలబడి, ఎప్పుడూ లేనిది, ఆయన్ని అడిగింది.

"మావా, ఈ ఒక్క పుష్యం ఆగు. నీళ్ళు మేం మోస్తాం."

"ఎక్కడ్నించి మోస్తారే?"

"గెడ్డలో సెలమ తీస్తాం."

ఎండలో పడిపోతే నన్ననొద్దని ఆయన లేచి వెళ్ళిపోయారు. పెరట్లోకి వచ్చాక అప్ప నా వైపు చూడకుండా అంది: "ఈ తోట పోతే నేనీ ఇంటికి ఏటవుతానే?"

ఆ పుష్యంలో ఆకు దూసి, మట్టి కప్పిన మర్నాడు, బిందె పట్టుకుని ఆమె వెనక నడిచాను.

గెడ్డంటే మా వైపు వాగు. ఎండిన ఆ ఇసకలో గుంట తవ్వితే నీరు ఊరేది, అదీ బద్ధకంగా. కొబ్బరిచిప్పతో తోడుకుని, బిందె నిండేదాకా కూర్చునేవాళ్ళం. మాట్లాడుకునే ఓపిక ఉండేది కాదు. ఎన్నోసార్లు కూర్చున్నచోటే నిద్రపోయాం. ఫాల్గుణం వచ్చేసరికి కొన్ని పొదలు చిగిర్చాయి, చాలా పొదలు చిగిర్చలేదు. ఒక చాలంతా ఎండుపుల్లలే. అక్కడ కూలబడి ఏడ్చాను. అప్ప ఒక కొమ్మని గోటితో గీరి చూసింది. లోపల పచ్చదనం లేదు.

"సచ్చినవి సచ్చినాయి. ఉన్నవాటికి నీళ్ళు పొయ్యి" అంది.

ఎండిన మొదళ్ళు తనే పీకి, మోపు కట్టి, పొయ్యిలోకి తెచ్చింది. ఆ ఏడు మొదటి కోతకి బుట్ట అడుగు మాత్రం నిండింది. మరుసటి పుష్యంలో మామగారు, ఎవరూ అడక్కుండానే గెత్తం బండి తోలుకొచ్చి గట్టు మీద దింపారు. వేరుశనగ మాట మళ్ళీ రాలేదు. పోయిన చాళ్ళలో అప్ప కొత్త అంట్లు నాటింది.

ఈ ఏడు అప్ప కర్మలన్నీ అయ్యేసరికి పుష్యం సగం గడిచిపోయింది. తోట నిండా ఆకు అలాగే ఉంది. ఎవరు కోస్తారని మామగారు నీరసంగా అడిగారు. నేను వెళ్తానన్నాను. వెళ్ళాను గాని, నిజం చెప్పొద్దూ, మొదటి పొద దగ్గరే ఒళ్ళంతా బరువెక్కిపోయింది. పొద్దువాలేదాకా చేసినా ఒక్క చాలు పూర్తికాలేదు.

చేపలమ్ముకుని ఖాళీ తట్టతో సముద్రపొడ్డుకి తిరిగి వెళ్తున్న ఒకామె కంచె దగ్గర ఆగింది. "ఆయమ్మ రాలేదేటి?" అని అడిగింది.

"పోనాది" అన్నాను.

ఆమె తట్ట దించి, కంచె సందులోంచి లోపలికొచ్చి, నా చేతులకేసి చూసి, ఇలాగేనా అని అడిగింది. తలూపాను. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నేనున్న చాలుకి అవతలి కొసకి వెళ్ళింది. అక్కడ నడుం వంచి, ఆకు దూసుకుంటూ నాకెదురుగా రావడం మొదలుపెట్టింది.