నాంచారమ్మ వర్సెస్ వెంకటేశ్వర్లు

ఏ కోర్టులోనూ లేని కేసు ఒకటి పుట్టించి, దాన్ని క్లాసులో ముప్ఫై రెండుమంది చేత పరీక్షలో రాయించిన ఘనత నాది. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టండి. చదివేకొద్దీ నా పరువు తగ్గడమే తప్ప పెరగడం ఉండదు.

అప్పుడు నేను లా మొదటి సంవత్సరం. ఇల్లు రేపల్లె, కాలేజీ బాపట్ల. రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో దిగి, అక్కడ బాపట్ల బండి పట్టుకోవాలి. అంటే చదువంతా రైల్లోనే. కాంట్రాక్టు చట్టం ఒళ్ళో పెట్టుకుంటే, బండి ఊపుకి బుర్రలోకి సెక్షన్లు ఎక్కాల్సింది పోయి కళ్ళమీదికి నిద్ర ఎక్కేది. కేసుల పేర్లయితే మరీ ఘోరం. ఎప్పుడో ఇంగ్లండులో గుర్రం బేరమాడిన దొరల పేర్లు నాకెందుకు గుర్తుంటాయండీ? మా పెదనాన్న మనవళ్ళ పేర్లే తారుమారు చేస్తాను.

ఇంటర్నల్ పరీక్షకి వారం ఉందనగా, రైల్లో ఒక గొడవ జరిగింది. నిజాంపట్నం చేపలు తెనాలి తీసుకెళ్ళి అమ్మే నాంచారమ్మ నా ఎదురుగా కూర్చుంది. ఆమె పక్కనున్న అమృతలూరు రైతు వెంకటేశ్వర్లు గారు గంపలోకి తొంగిచూసి, "ఆ పెద్ద వంజరం నాకుంచమ్మా, తెనాలిలో దిగాక తీసుకుంటా" అన్నారు. నాంచారమ్మ నోటినిండా కిళ్ళీ. ఏమీ అనలేదు. వేమూరులో దిగబోతున్న ఒకాయన అడిగితే ఆ చేప కాస్తా ఆయనకిచ్చేసింది.

వెంకటేశ్వర్లు గారు లేచి నిలబడ్డారు. "అదేంటమ్మా! నేనడిగితే కాదన్నావా?"

"అవునన్నానా?"

"అసలు నోరే మెదపలేదుగా!"

"మెదపలేదుగా! మరి ఒప్పుకున్నానని ఎట్టా అనుకున్నావు బాబాయ్?"

టికెట్లు చూడ్డానికొచ్చిన టీసీ గారు మధ్యలో దూరి తేల్చేశారు. "నోరు తెరిచి సరేనంటేనే బేరమండీ. కూర్చోండి."

నా నిద్ర ఎగిరిపోయింది. మౌనం అర్ధాంగీకారమని పెద్దలు అంటారు గానీ, చట్టం ఆ అర్ధం కూడా ఒప్పుకోదు. పదకొండు పేజీలు చదివినా అర్థంకాని ముక్క కిళ్ళీ దెబ్బకి అర్థమైపోయింది! వెంటనే నోట్సులో "నాంచారమ్మ వర్సెస్ వెంకటేశ్వర్లు" అని రాసి, కింద రెండు గీతలు గీశాను. కేసన్నాక తీర్పుల పుస్తకంలో పేజీ నంబరు లేకపోతే బోసిగా ఉంటుంది కదా అని, నా రైలు టికెట్టు మీది చివరి మూడంకెలు పక్కన వేశాను. పెళ్ళికూతురికి బుగ్గన చుక్క పెట్టినట్టు కుదిరింది.

తెనాలిలో బండెక్కే నా స్నేహితురాలు రమ్య ఆ నోట్సు ఫొటోలు తీసుకుంది. ఆ ఫొటోలు క్లాసు వాట్సాప్ గ్రూపులోకి ఎప్పుడు దూకాయో నాకు తెలీదు. పరీక్షలో మౌనం మీదే ప్రశ్న వచ్చింది. నేను కూడా ఆ కేసే రాశాను! వారం రోజులు వల్లెవేసి వల్లెవేసి, దాన్ని పుట్టించింది నేనేనన్న సంగతే మర్చిపోయాను. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది నాకే అతుక్కుపోయింది.

నాలుగో రోజు కాంట్రాక్టుల సారు పేపర్ల కట్టతో క్లాసుకొచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి.

"ముప్ఫై రెండుమంది ఒకే కేసు రాశారు. రెండు రోజులు లైబ్రరీ అంతా గాలించా. ఇది ఏ కోర్టు తీర్పు?"

ముప్ఫై ఒక్క తలలు నావైపు తిరిగాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు. లేచి నిలబడ్డాను.

"చెప్పమ్మా హారికా."

"రేపల్లె ప్యాసింజర్ అండీ."

"ఏంటీ?"

"రైలండి."

"తీర్పు ఎవరిచ్చారు?"

"టీసీ గారండి."

చేప, కిళ్ళీ, టికెట్టు నంబరు, అన్నీ ఒప్పుకున్నాను. క్లాసంతా బెంచీల కింద దూరి నవ్వుతోంది. సారు మాత్రం నవ్వలేదు. "లేని తీర్పు ఉందని కోర్టులో చెబితే ఏమవుతుందో తెలుసా? నల్లకోటు విప్పించి ఇంటికి పంపుతారు" అన్నారు. నా ఇంటర్నల్ మార్కులు వేమూరులోనే దిగిపోయాయనుకున్నాను. ఆయన నా పేపరు మళ్ళీ చూసి నిట్టూర్చారు. "కేసుకి సున్నా. కానీ సూత్రం ఇంత బాగా ఎవరూ రాయలేదు. దానికి పూర్తి మార్కులు."

క్లాసయ్యాక నన్ను వరండాలో పక్కకి పిలిచి, గొంతు తగ్గించారు. "అమ్మా, చిన్న సాయం. కొత్త తీర్పేమోనని పొద్దున ఇంటర్ అవగానే చేరే ఐదేళ్ళ లా కోర్సు పిల్లలకి ఈ కేసు రాయించేశా. కొట్టేయమని నువ్వే చెప్పి రావాలి."

వెళ్ళాను. ఎనభైమంది పిల్లలు. సారు పరువు నా చేతిలో ఉంది. నిజం చెప్పడానికి నోరు రాక, "నాంచారమ్మ కేసుని పైకోర్టు కొట్టేసింది, మీరూ కొట్టేయండి" అన్నాను.

ఎనభై పెన్నులు ఒక్కసారిగా లేచాయి. "ఏ కోర్టక్కా? పేజీ నంబరు కూడా చెప్పక్కా, రాసుకుంటాం!"

బాపట్ల నడిబొడ్డున, ఆ బ్లాక్‌బోర్డు సాక్షిగా ఒట్టేశాను: బతికినంతకాలం కేసులు వాదిస్తాను తప్ప, కనను.