అయిదున్నర అడుగుల తలుపు

మొన్న బూర్గంపాడు దగ్గర మా మరిది కొడుకు కట్టబోయే కొత్త కోల్డ్ స్టోరేజీకి ముగ్గు పోసిన రోజున, భోజనాల దగ్గర మళ్లీ అదే కథ విన్నాను. మా పాత స్టోరేజీ తలుపులు మొదట పొట్టిగా పెట్టించింది మా మామగారేనని, పిసినారితనానికి పోయి కట్టిన గోడ మళ్లీ పగలగొట్టించుకున్నారని. అది శుద్ధ అబద్ధమని విస్తరి ముందే చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు, ప్రతిదానికీ అడ్డం పడతానని నాకు ఎలాగూ పేరుంది.

ఆ తలుపులు పొట్టిగా పెట్టించింది నేను.

మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో మిర్చి కోసిన రైతు ధర ఉన్నా లేకున్నా ఖమ్మం యార్డుకు తోలుకుపోవలసిందే, ఇంట్లో దాస్తే వానలొచ్చేసరికి ఎరుపు పోయి తెల్లబారేది. కోస్తా నుంచి వచ్చి గోదావరి పక్కన మిర్చి వేసిన మా మామగారు ఆ బాధ పడలేక స్టోరేజీ తలపెట్టారు. అప్పటికి నేను కోడలిగా వచ్చి ఏడాది కాలేదు. ఫిజిక్సు డిగ్రీ ఉంది, నోరు అంతకన్నా ఉంది. ఆయన ప్లాను కాగితం వసారాలో మంచం మీద పరిచి, మగవాళ్లందరి ముందు నన్ను పిలిచి చూడమన్నారు. మా అత్తగారితో సహా ఎవరికీ అది మింగుడుపడలేదు. ఒక్క తప్పు దొర్లితే ఇక ఆ మంచం దగ్గరికి రానివ్వరని నాకు తెలుసు.

అయినా ఊరుకున్నానా? తలుపు తీసినప్పుడల్లా కింద నుంచి చల్లగాలి జారిపోయి పైనుంచి వేడిగాలి దూరుతుందని, తలుపు ఎంత చిన్నదైతే అంత మంచిదని, అందరూ వెళ్లాక మామగారితో విడిగా వాదించి, ఇంజనీరు ఏడడుగులంటే అయిదున్నర చాలన్నాను. మా ఆయన్ను ఉత్త చేతులతో గోడకు నిలబెట్టి కొలిచాను కూడా.

తలుపుల పైన లింటెల్ పోశాక హమాలీల మేస్త్రి వచ్చాడు, దుమ్ముగూడెం అవతలి అడవి ఊరి మనిషి. ఒక మిర్చి బస్తా వీపుకెత్తుకుని లోపలికి నడిచాడు. మిర్చి బస్తాకు బరువుకన్నా పొడుగెక్కువ, ఎత్తితే తలకు మించి నిలుస్తుంది. పోయి లింటెల్‌కు కొట్టుకుంది.

"కొంచెం వంగి పోవచ్చు కదా" అన్నాను.

"వంగుతం అమ్మా, వంగకేం జేస్తం" అన్నాడు బస్తా దించకుండానే. "పొద్దుగూకే దాక ఎన్నిసార్లు వంగాల్నో, గది గుడ మీ సదువుల ఉంటదా?"

తాపీవాళ్లు అటు తిరిగి నవ్వుకున్నారు. అంతలో మామగారు కండువా సర్దుకుని, "తప్పు నాదేనయ్యా, పొట్టిగా కట్టమన్నది నేనే. పగలగొట్టండి" అన్నారు. ఇంటికొచ్చీ అదే చెప్పారు.

మర్నాడు పొద్దున్నే, పై అంతస్తుకు బస్తాలు మోసే వాలుబాట కాగితం అదే మంచం మీద పరిచి, "అమ్మాయ్, ఇది చూడు" అన్నారు. ఈసారి మేస్త్రిని పిలిపించి, మట్టికట్ట మీద బస్తాతో నడిపించి, అతనికి ఆయాసం వచ్చినచోటల్లా వాలు తగ్గించాను. తర్వాత చుట్టుపక్కల మరో మూడు స్టోరేజీల ప్లాన్లు నా చేతి మీదుగానే వెళ్లాయి, ఒక్క తలుపుకూ ఎవరి బస్తా తగల్లేదు. గొప్ప చెప్పుకుంటోందనుకోండి, ఫర్వాలేదు.

ఇప్పుడు మా మరిది కొడుకు ప్లాను ల్యాప్‌టాప్‌లో ఉంది. తలుపులు సరుకు బండి కొలతకు, బస్తాలు కదిలే బెల్టు మీద. వీపులకు సుఖమే, కాదనను. కానీ తలుపు ముందు నిలబడి నీ లెక్క తప్పని మొహాన చెప్పే మనిషే లేడు ఆ ప్లానులో.

మామగారూ లేరు. ఉంటే ఒక్కటే అడిగేదాన్ని: ఆ రోజు తప్పు మీ మీద వేసుకున్నది నన్ను మళ్లీ ఆ మంచం దగ్గరికి రానివ్వడానికా, లేక కోడలి మాట విని కట్టించానని నలుగురిలో ఒప్పుకోలేకనా?